సారు ఫ్లెక్సీ, మా ఆయన ఒట్టు

మా ఆయన నా మాట తప్ప ఎవరి మాటైనా నమ్ముతాడు. పురుగుమందుల దుకాణం వాడి మాట నమ్ముతాడు. సెల్‌ఫోన్‌లో వీడియోలు పెట్టేవాడి మాట నమ్ముతాడు. బస్సులో పక్క సీట్లో కూర్చుని మరిపెడ రాకముందే దిగిపోయేవాడి మాట కూడా నమ్ముతాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని పెద్దలు ఊరికే అనలేదు.

మాకున్నది ఒక మిరపచేను. వరంగల్ నుంచి మరిపెడ పోయే రోడ్డును ఆనుకునే ఉంటుంది. మిరప వేశామంటే మా దగ్గర వారం వారం మందు కొట్టాల్సిందే. పురుగు వస్తే ఒక మందు, రాకపోతే ఎందుకు రాలేదోనన్న అనుమానంతో ఇంకో మందు. మూతికి గుడ్డ కట్టుకోవయ్యా అంటే, కట్టినట్టే కట్టి, 'ఉడుకపోస్తాంది' అని తీసి మెడకు చుట్టుకుని, గాలికి ఎదురు నడిచే రకం మా ఆయన. అట్లా నడిచీ నడిచీ ఒకనాడు మధ్యాహ్నం గట్టు మీద పడిపోయాడు. కళ్ళు తేలేశాడు, నోట్లో నురగ. రోడ్డు పక్కన టీకొట్టు పెట్టుకున్న భాయి నా కేకలు విని ఉరికి వచ్చాడు. ఇద్దరం కలిసి ఆటోలో వేసుకుని వరంగల్ దవాఖానకు తీసుకుపోయాం. దారి పొడుగునా ఆయన తల నా ఒళ్ళో ఉంది. మొక్కని దేవుడు లేడు.

ఆయన బతికాడు. పంపేటప్పుడు డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "మందు కొట్టుడు బంద్ చేపియ్యమ్మా. ఇంకోసారి పడితే లేపుడు నాతోని కాదు" అన్నాడు. మంచం మీది నుంచి మా ఆయన బుద్ధిగా తల ఊపాడు. ఇంటికి వచ్చి ఒంట్లో కాస్త బలం రాగానే మందు పంపు కడుగుతూ కనిపించాడు.

"డాక్టర్ ఏమన్నడు, నువ్వేం జేస్తానవ్?" అన్నాను.

"డాక్టర్‌కేం తెల్సే మిరప గురించి?"

"మిరప గురించి తెల్వకపాయె. నీ గురించి తెల్సు గదా!"

"నువ్వు ఊకో జర. మందు కొట్టకుంటె పంటెట్లొస్తది? శాస్త్రం ఏమంటదో జూడాలె" అన్నాడు. శాస్త్రం అన్న మాట ఆయనకు ఏ వీడియోలో దొరికిందో.

సరిగ్గా అప్పుడే శాస్త్రం జీపు వేసుకుని మా ఊరికి వచ్చింది.

వచ్చినాయన సేంద్రియ సాగు మీద పరిశోధన చేసే సారు. పంచాయతీ ఆఫీసు వరండాలో అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. ఒకే చేనును రెండు సగాలు చేయాలి. ఒక సగంలో ఎప్పటిలా యూరియా, పురుగుమందు. రెండో సగంలో పశువుల ఎరువు, జీవామృతం, వేప కషాయం, అంతే. చివరికి రెండు దిక్కుల మిర్చీని తూకం వేసి చూడాలి. "కానీ ఒక్క మాట. మొదటి రెండు మూడేళ్ళు సేంద్రియం దిక్కు దిగుబడి తగ్గవచ్చు. దెబ్బతిన్న నేల కోలుకోవాలంటే టైం పడుతుంది, ఓపిక పట్టాలి" అన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పే మనిషి దొరికాడని నాకు సంతోషమైంది. తర్వాత ఆ మాట ఆయనే మరిచిపోయాడు, అది వేరే సంగతి.

చేను ఇస్తామని ఒక్కరూ చెయ్యెత్తలేదు. నేను లేచి మా చేను ఇస్తామన్నాను. మా ఆయన నన్ను కొరకొరా చూశాడు. ఊరంతా చూస్తోంది కాబట్టి కాదనలేక, రోషం కొద్దీ తానూ లేచాడు. "గట్లనే కానీ సార్. రెండు దిక్కుల పంట ఒక్కతీరుగ తూగిందనుకో, ఇగ నేను పురుగుమందు డబ్బా ముట్ట. సమ్మక్క తల్లి మీద ఒట్టు!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఓడిపోయే పందెం మా ఆయన జన్మలో కాయడు, సారు నోటితోనే దిగుబడి తగ్గుతుందని విన్నాక కాసిన పందెం అది. కానీ సమ్మక్క మీద ఒట్టు అంటే మా దగ్గర దొంగ కూడా తప్పడు. నాకు కావలసింది ఆ ఒట్టే. ఆ రోజు నుంచి నా తాళిబొట్టు సారు తక్కెడకు వేలాడుతోందని లెక్క.

సారు చాలా చదివాడు గానీ రోడ్డు మీది చేను సంగతి ఆయనకు ఏ పుస్తకమూ చెప్పినట్టు లేదు. 'సేంద్రియ సాగు' అని తాను పాతించిన బోర్డు బాగా కనపడాలని సేంద్రియ సగాన్ని రోడ్డు దిక్కు పెట్టించాడు. మా దగ్గర లోపలి చేను ఎట్లా ఉన్నా అడిగేవాడు ఉండడు. రోడ్డు మీది చేను ఇంటి ఇజ్జత్. బస్సులో పోయేవాళ్ళు దాన్ని చూసే ఆ ఇంటి మొగవాడు పనిమంతుడో సోమరో తేల్చేస్తారు. సంబంధం చూడవచ్చినవాళ్ళు కూడా ముందు రోడ్డు మీది చేను చూసి, ఆ తర్వాత ఇంటి దారి అడుగుతారు. అందుకే అందరూ లోపల ఒక పిడికెడు యూరియా తక్కువ వేసైనా రోడ్డు దిక్కు ఒక పిడికెడు ఎక్కువ వేస్తారు. అట్లాంటి చోట సారు యూరియా బంద్ చేయించాడు.

లోపలి సగానికి మందు సారు మనుషులే వచ్చి కొట్టిపోయేవారు. రోడ్డు దిక్కు పని మాత్రం నాదే. పేడ ఎత్తడం, ఆవు మూత్రం పట్టడం, బెల్లం, శనగపిండి కలిపి డ్రమ్ములో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కట్టెతో తిప్పడం, వేపాకు నూరడం. మా సేంద్రియ సాగులో శాస్త్రం సారుది, పేరు మా ఆయనది, పేడ నాది. డ్రమ్ము పక్క నుంచి పోతూ మా ఆయన ముక్కు మూసుకునేవాడు. "ఛీ, ఏం కంపే ఇది!" అనేవాడు. తనను చంపబోయిన మందు వాసనకు ఆ ముక్కు ఒక్కనాడూ మూసుకోలేదు.

వానలు వెనకపట్టేసరికి రెండు దిక్కుల తేడా కనపడింది. యూరియా దిక్కు నల్లగా ఎదిగింది. రోడ్డు దిక్కు చెట్లు కొంచెం పొట్టిగా, లేత రంగులో ఉన్నాయి. నాకు మాత్రం అవి ముద్దుగానే కనిపించేవి. ఆకుముడత అంతగా లేదు. చీడను తినే అక్షింతల పురుగులు ఆకుల మీద తిరిగేవి. మట్టి చేతిలోకి తీసుకుంటే మెత్తగా రాలేది, వానపాములు పైకి వచ్చేవి. నిజంగానే ఏదో జరుగుతోంది, నిదానంగా. కానీ బస్సు కిటికీలో నుంచి వానపాములు కనపడవు కదా.

ముందుగా టీకొట్టు భాయి మొదలుపెట్టాడు. "ఏంది బావా, చేనుకు కామెర్లు అయినయా? పసరు పోపియ్యరాదు!" అన్నాడు. తర్వాత ఆటోలో పోయే ఒక పిల్లగాడు తల బయటపెట్టి, "కాకా, మిరప ఏసినవా, పొద్దుతిరుగుడు ఏసినవా?" అని అరిచి పోయాడు. మా ఆయన మొహం మాడిపోయింది. ఇంట్లో చాయ్ తాగడం ఎరగని మనిషి, ఇంట్లోనే తాగడం మొదలుపెట్టాడు. గట్టు మీద గంభీరంగా నిలబడి, సారు బోర్డును కోపంగా చూసేవాడు.

ఇంతలో ములుగులో మా అన్న బిడ్డ పెళ్ళి వచ్చింది. డ్రమ్ము ఎట్లా తిప్పాలో మా ఆయనకు చెప్పి నేను వెళ్ళాను. పెళ్ళి అయ్యాక ఇంకొన్నాళ్ళు అక్కడే ఉండి, బస్సులో తిరిగి వస్తుంటే మా ఊరి దగ్గర కిటికీ పక్కన కూర్చున్నాయన "అబ్బ, గా చేనెవరిదో గని మస్తున్నదే!" అన్నాడు. వంగి చూశాను. మాదే. సారు బోర్డు కూడా ఉంది. రోడ్డు దిక్కు చెట్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. వెనక ఉన్న యూరియా చేనే దాని ముందు బక్కగా కనిపిస్తోంది.

ఇంటికి వచ్చి మాసిన బట్టలు నానబెట్టబోతే మా ఆయన లుంగీ మడతలో నుంచి తెల్లటి పలుకులు నేల మీద రాలాయి. యూరియా నాకు కొత్తా? ఇన్నేళ్ళు ఈ చేతులతోనే చల్లాను.

"రోడ్డు దిక్కు ఏమేసినవయ్యా?" అని అడిగాను.

"ఏమేస్త? నీ డ్రమ్ములదే పోసిన. ఏం పనిచేసిందే నీ జీవామృతం! నీ చేతిల ఏదో ఉన్నదే" అన్నాడు, కళ్ళు కలపకుండా.

పెళ్ళయినప్పటి నుంచి నన్ను ఆయన మెచ్చుకున్నది అదొక్కసారే. అదీ అబద్ధం. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్ని నెలలు పేడ పిసికింది నిజం తేలడానికి కదా. రెండు మూడేళ్ళు ఓపిక పడితే నిజంగానే గెలిచేదాన్ని, నలుగురు నవ్వారని ఒక్క పూటలో బుగ్గిపాలు చేశాడు. వెంటనే సారుకు ఫోన్ చేశాను.

"సార్, రోడ్డు దిక్కు యూరియా పడ్డది."

"మీరు చల్లుతుంటే చూశారా అమ్మా?"

"చల్లంగ చూడలె సార్. లుంగీల చూసిన."

"లుంగీ డేటా కాదమ్మా" అన్నాడు సారు. "రైతు చెప్పాలి. మా రికార్డులో రైతు మీ వారు."

"పేడ కలిపింది నేను సార్."

"నిజమేనమ్మా, కాదనడం లేదు. కానీ ఫ్లెక్సీ ప్రింటయి వచ్చేసింది. పై నుంచి పెద్ద సార్లు వస్తున్నారు. ఇప్పుడు ఇవన్నీ ఎందుకు చెప్పండి?"

కాయ ఇంకా పండలేదు, కోయలేదు, కల్లంలో ఎండలేదు. 'సేంద్రియ సాగు శాస్త్రీయ విజయం' అని ఫ్లెక్సీ మాత్రం వచ్చేసింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఫోన్ పెట్టేసి ఇద్దరినీ కడుపు నిండా తిట్టుకున్నాను. తిట్టి తిట్టి అలిసిపోయాక నాకు ఒక ఉపాయం తట్టింది. నిజం బయటపడితే పందెం చెల్లదు, ఒట్టు చెల్లదు, మా ఆయన మళ్ళీ పంపు ఎత్తుకుంటాడు. అబద్ధం నిలబడితే ఒట్టు నిలబడుతుంది. శాస్త్రానికి చెప్పాల్సింది చెప్పాను, అది వద్దంది. ఇక నా మొగుణ్ణి నేను చూసుకోవాలి. నోరు మూసుకున్నాను.

మొదటి కోత ఎండాక చేను పక్కన షామియానా వేశారు. ఊరంతా వచ్చింది. జీపుల్లో పెద్ద సార్లు దిగారు. తూకం వేశారు. రోడ్డు దిక్కుదే మొగ్గింది. మా సారు మైకు పట్టుకుని నేలలోని సూక్ష్మజీవులు మేల్కొన్నాయని చెప్పాడు. వాటికి ఎవరు ఏం తినిపించి లేపారో ఆయనకు తెలుసు, నాకు తెలుసు, పక్కన కూర్చున్న మా ఆయనకు ఇంకా బాగా తెలుసు. మొదటేడు దిగుబడి తగ్గుతుందని తానే చెప్పిన మాట సారుకు గుర్తు రాలేదు, ఎవరూ గుర్తు చేయలేదు. పెద్ద సారు మా ఆయనకు శాలువా కప్పాడు. దొంగకు తేలు కుట్టినట్టు బిగుసుకుపోయి, నవ్వాలో వద్దో తెలియక ఫోటో దిగాడు మా ఆయన.

"అమ్మ కూడా రెండు మాటలు చెప్పాలి" అని ఎవరో మైకు నా చేతిలో పెట్టారు. అప్పుడు చూశాడు మా ఆయన నన్ను. ఎప్పుడూ లేనిది, ఆ చూపులో బతిమాలడం ఉంది. చెప్పకు, ఇజ్జత్ తియ్యకు అని. సారు కూడా అట్లాగే చూస్తున్నాడు.

"నాకు ఉపన్యాసాలు రావు సార్" అన్నాను. "మా ఆయన పంచాయతీ ఆఫీసు కాడ మీ అందరి ముంగట సమ్మక్క మీద ఒట్టేసిండు. రోడ్డు దిక్కు పంట ఒక్కతీరు కాదు, ఎక్కువనే తూగిందని ఇంత పెద్ద సార్లే చెప్తాన్రు. ఇగ ఆయన వీపు మీద మందు పంపు కనపడితే ఎవరన్న సరే, గాడనే ఆపుండ్రి. మీరే సాక్షులు."

జనం గొల్లున నవ్వి చప్పట్లు కొట్టారు. భాయి లేచి, "నీకు ఫికరొద్దు చెల్లె, రోడ్డు మీద నేనున్న!" అని అరిచాడు.

ఇంట్లో అడుగుపెట్టగానే మా ఆయన శాలువా తీసి మంచం మీద కొట్టాడు. "అది యూరియాతోని పండింది! నేనే చల్లిన! ఆ ఒట్టు చెల్లదు, ఇన్నవా?"

"ఇన్న. గా మాటే పోయి భాయి కొట్టు కాడ చెప్పు. అందరు ఆడనే ఉన్నరు" అన్నాను.

"చెప్త! నాకేం భయమా?" అని చెప్పులు వేసుకున్నాడు. విసురుగా వాకిలి దాకా నడిచాడు. రోడ్డు మీద ఎవరో "ఏం బావా, శాలువ ఏదీ?" అని కేక వేశారు. ఆయన అక్కడే నిలబడ్డాడు. కాసేపటికి చెప్పులు విడిచి, తల వంచుకుని లోపలికి వచ్చి పీట మీద కూర్చున్నాడు.

"అన్నం పెట్టు" అన్నాడు.

వంటింట్లోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నా మాట వినలేదు, డాక్టరు మాట వినలేదు. ప్రాణం పోతుందంటే ఆగని మనిషి, నలుగురూ నవ్వుతారంటే ఆగాడు. ఎట్లా ఆగితేనేం, ఆగాడు.