పటం కొలతకు కట్టిన చేపల తొట్టి

ఆ మంగళవారం పొద్దున అంగడి తెరవకముందే ఏకాంబరం ఒక చేపను పూడ్చిపెట్టాడు. చిటికెనవేలంత చేప. పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో బెత్తెడు గుంట తవ్వి, ఆకులో చుట్టి అందులో పెట్టి, మన్ను కప్పి, కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చాడు. పది రోజుల్లో ఇది రెండోది. మద్రాసు నుంచి తెచ్చిన నాలుగింటిలో ఇక మిగిలినవి రెండు.

"ఆ రొండిటికీ ఇప్పుడే గుంట తొవ్వి పెట్టుకోరాదా, ఒక పని అయిపోతాది" అంది పొయ్యి ముందు కూచున్న భార్య దేవకమ్మ.

ఏకాంబరం తడి కాళ్ళు తుడుచుకున్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని అంగట్లోకి నడిచాడు. ఇంటి ముందు గదే అంగడి.

అది 1946. కొండమీదికి బస్సులు తిరగడం మొదలై రెండేళ్ళయింది. తిరుపతి రైలు స్టేషను దగ్గర బజారులో అప్పట్లో పటాలు కట్టే అంగళ్ళు వరసగా నాలుగు ఉండేవి. యాత్రికులు కొండ దిగి వచ్చి, స్వామి బొమ్మ కొని, చట్రం కట్టించుకుని, గుడ్డలో చుట్టుకుని రైలెక్కేవాళ్ళు. బజారు ఆ చివర నిలబడినా అవిసె నూనె వాసన, టేకు పొట్టు వాసన తెలిసేవి. ఇప్పుడు ఆ నాలుగు అంగళ్ళూ లేవు, ఆ వాసనా లేదు.

ఏకాంబరం ఇరవై రెండేళ్ళుగా చేసింది ఆ ఒక్క పనే. అతని చేతికి కొలబద్ద అక్కర లేదనేవాళ్ళు. పెద్ద పటమంటే ఇరవై నాలుగు అంగుళాల ఎత్తు, పదహారు వెడల్పు. గాజు కోసే వజ్రపు కలం కదిపితే చాలు, గాజు ఆ కొలతకే తెగేది. అంతకంటే గొప్పగా చెప్పుకునే పని ఇంకోటి ఉంది. పటం వెనక పలక బిగించి, సందుల మీద కాగితం అంటించి, గాలి కూడా దూరకుండా మూసేవాడు. వేరే అంగళ్ళలో కట్టిన పటాల్లోకి ఏడాది తిరక్కుండానే కాగితం తినే వెండి పురుగు దూరేది. ఏకాంబరం కట్టిన పటంలో స్వామి మొహం మీద దుమ్ము చుక్క ఉండేది కాదు.

యుద్ధం ముగిసినా గాజుకు కరువు తీరలేదు. గాజు కోసమే అతను మద్రాసు పోయాడు. మూరు మార్కెట్టులో ఒక అంగడి ముందు, నీళ్ళ గిన్నెలో ఎర్రగా తళతళమంటున్న చేపల్ని చూసి నిలబడిపోయాడు. అంతవరకూ అతను కొన్న ప్రతి వస్తువుకూ ఏదో ఒక పని ఉండేది. ఎందుకని అడిగితే చెప్పలేనిది కొనడం అదే మొదలు. మూత ఉన్న ఇత్తడి చెంబులో నాలుగు చేపలు వేసుకుని, రేణిగుంటలో బండి మారి, చెంబును ఒళ్ళో పెట్టుకునే ఇల్లు చేరాడు. చంకలో గాజు పలకలు.

మొదట వాటిని పిప్పరమెంట్ల సీసాలో వేశాడు. ఆరో రోజున ఒకటి తేలింది. ఎదురుగా కాఫీ హోటలు నడిపే సుబ్రమణ్యం చూడ్డానికి వచ్చాడు.

"ఏమప్పా ఏకాంబరం, ముగ్గురు మనుషుల్ని బీరువాలో నిలబెట్టినట్టు పెట్టినావే! పెద్ద ఇల్లు కట్టించరాదా?"

అది నిజమేననిపించింది ఏకాంబరానికి. ఆ మధ్యాహ్నమే తొట్టి కట్టడానికి కూచున్నాడు. చేతికి వచ్చిన కొలత ఒకటే. ముందూ వెనకా పెద్ద పటం గాజులు రెండు, నిలువుగా. పక్కలకు ఎనిమిది అంగుళాల బద్దలు. అడుగుక్కూడా గాజే. మూలలకు రేకు మడిచి, సుద్దపొడి, అవిసె నూనె, కాస్త ఎర్ర సీసం కలిపి పిసికిన పుట్టీ కూరాడు. ఆరినాక నాలుగు బిందెల నీళ్ళు అంచుదాకా పోశాడు. పైన టేకు మూత చేసి, దుమ్ము పడకుండా బిగించాడు. నడిమింట్లో ముక్కాలి పీట మీద అది నిలబడితే, నిజంగానే స్వామి పటం లోపల మూడు నిప్పురవ్వలు తిరుగుతున్నట్టు ఉండేది. వీధి వీధంతా వచ్చి చూసిపోయింది. దేవకమ్మ కూడా పైకి తిడుతూనే, వచ్చినవాళ్ళకు బొరుగులిచ్చి చేపలకు వేయించేది.

నాలుగో రోజున మూడు చేపలూ పైకి చేరి, మూత కింద నోళ్ళు తెరిచి మూసుకుంటూ ఉండిపోయాయి. ఆకలేమోనని ఇంకో పిడికెడు బొరుగులు వేశాడు. నీళ్ళు పాడయ్యాయేమోనని పూటపూటకూ నాలుగు బిందెలూ తోడి కొత్తనీళ్ళు పోశాడు. మంగళవారం తెల్లవారేసరికి ఒకటి చచ్చిపోయింది.

ఆ పొద్దున అంగట్లోకి వచ్చిన మొదటి మనిషి కుప్పమ్మ. పుత్తూరు పక్క పల్లె ఆమెది. చెరువుల్లో పట్టిన చేపల్ని ప్రాణాలతో నెత్తిన మోసుకొచ్చి, ఊరి బయటి వీధుల్లో అమ్ముకునేది. అమ్మడం అయిపోయింది కాబోలు, ఖాళీ చట్టి చంకన పెట్టుకుని, పగిలిన గంగమ్మ పటానికి గాజు వేయించుకోవాలని వచ్చింది. తెరిచిన తలుపులోంచి నడిమింట్లో తొట్టి కనపడింది. గంగమ్మను బల్ల మీద పెట్టి, గడప దాకా పోయి నిలబడి చూసింది.

"ఏందన్నా అది? మీనును పటం కట్టినావా?"

"చచ్చిపోతా ఉండాయి కుప్పమ్మా. నీళ్ళు మారుస్తానే ఉండా. యాడ తప్పు జరిగిందో తెలీడం లే."

కుప్పమ్మ తన చట్టిని నేల మీద దించింది. మూరెడు వెడల్పు, బెత్తెడు లోతు.

"దీన్ని సూడు. పుత్తూరు నుంచి ఈడికి బతికిన మీను దీంట్లోనే వస్తాది. మా అత్తకు కోపమొచ్చి ఒకనాడు ఈ సట్టి దాసిపెట్టింది. నేను బిందెలో ఏసుకొచ్చినా. దీనికి రొండింతల నీళ్ళు పట్టె బిందె. రేణిగుంట రాకముందే సగం తేలిపోయినాయి. నీళ్ళు ఎన్ని ఉండాయని కాదన్నా, గాలి తగిలే నీళ్ళు ఎంత ఉండాయని సూడు. నీది మూరెడు లోతు బాయి. దానికి మూత ఒకటి!"

"దుమ్ము పడుతుందని..."

"దుమ్ము పడితే మీనుకేం? మొగుడు కొట్టినాడా, అత్త తిట్టిందా? నీళ్ళు కూడా మొత్తం పారబోయొద్దు. సగం తీసి సగం పొయ్యి."

ఏకాంబరానికి మొహం చిన్నబోయింది. కొలతలు తెలిసిన మనిషినని ఇరవై రెండేళ్ళుగా అనుకుంటున్నాడు. వేలితో గాలిలో లెక్క వేశాడు. ఇప్పుడు గాలి తగిలేది పదహారు ఇంటూ ఎనిమిది. ఇదే తొట్టిని పడుకోబెడితే ఇరవై నాలుగు ఇంటూ పదహారు. మూడింతలు. అదే గాజు, అవే నీళ్ళు.

"ఇప్పుడే మారుస్తా. అందాకా చేపల్ని యాడ పెట్టేది?"

"నా సట్టి పెట్టుకో. నాకు ఇంగోటి ఉండాది. నా గంగమ్మకు గాజు మాత్రం మరిచిపోవద్దు."

చట్టి లోపలికి రాగానే దేవకమ్మ చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "నీసు చట్టి నట్టింట్లో పెడతావా? మీ నాయన ఉండింటే నిన్నూ దాన్నీ కలిపి వీధిలో పారేసేవాడు."

"వసారాలో పెడతాలే."

"వసారాలో పెడితే పిల్లి తింటాది. ఈడ్నే పెట్టు" అని తానే కుంపటి జరిపి చోటు చేసింది.

రెండు చేపలూ చట్టిలోకి దిగి, కాసేపు అడుగున కదలకుండా ఉండిపోయాయి. మధ్యాహ్నానికి తిరగడం మొదలుపెట్టాయి. నోళ్ళు పైకి పెట్టడం మానేశాయి. అట్లే చట్టిలో ఉంచేస్తే సరిపోయేది. కానీ పైనుంచి చూస్తే రెండు ఎర్రటి గీతలు కదిలినట్టుంది తప్ప చేప కనపడదు. పక్కనుంచి చూడాలని ఏకాంబరం కోరిక.

తొట్టి ఖాళీ చేసి పడుకోబెట్టాడు. కింది పెద్ద గాజు ఇక అడుగు. పై పెద్ద గాజును ఊడదీసి, అందులోంచి పదహారు అంగుళాల పొడవు, ఎనిమిది ఎత్తు బద్ద కోసి, మూత తీసిన వైపు మూయాలి. ఎర్ర సీసం పట్టిన పుట్టీ ఇనుమైపోయింది. నిప్పుల మీద ఉలి కాచి, మెత్తబరిచి, చాకు దూర్చి, పొద్దంతా కూచున్నాడు. మూడు పక్కలు వదిలాయి. నాలుగో పక్కన గాజు ఒక్కసారి చిట్లింది. సుబ్రమణ్యం కాఫీ గ్లాసు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"చేతికి తెగలేదు గదా?"

"చేతికేం కాలేదు. గాజు పోయింది."

అంగట్లో ఇంకో పలక లేదు. కుప్పమ్మ గంగమ్మకు తీసిపెట్టిన చిన్నది ఒక్కటి ఉంది, దాన్ని ముట్టుకోలేదు. పగిలిన ముక్కల్ని గోనె మీద పరిచి, ఒక్కొక్కదాన్నీ కొలిచాడు. పదహారు పొడవుకు సరిపోయే ముక్కలో, పగులు వదిలేస్తే, ఏడు అంగుళాల ఎత్తే వచ్చింది. ఎనిమిది కాదు. ఒక పక్క పొట్టిగా ఉండే తొట్టిని ఏకాంబరం లాంటి మనిషి ఇంట్లో పెట్టుకోవడమంటే, చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకుని బజారుకు పోవడమే. అయినా దాన్నే బిగించాడు.

పుట్టీ ఆరడానికి అయిదు రోజులు పట్టింది. ఆ అయిదు రోజులూ దేవకమ్మ చట్టి పక్కనే కూచుని బియ్యం ఏరుకుంది. రోజూ సగం నీళ్ళు తీసి సగం పోసింది కూడా ఆమే. ఆరో రోజు వెడల్పు బల్ల మీద గోనె పరిచి, తొట్టి పెట్టి, ఆరు అంగుళాలే నీళ్ళు పోసి, చేపల్ని వదిలారు. మూత పెట్టలేదు. సుబ్రమణ్యం వంగి చూసి, "ఒక పక్క గిడసబారిందేమప్పా?" అన్నాడు.

"ఉండనీ" అన్నాడు ఏకాంబరం.

తర్వాత ఊళ్ళో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు తొట్లు కట్టించుకున్నారు. నిలువు తొట్టి కావాలని ఎవరు అడిగినా ఏకాంబరం కట్టలేదు. ఆ రెండు చేపల్లో ఒకటి మరుసటి ఎండాకాలం పోయింది. రెండోది తొమ్మిదేళ్ళు బతికింది.