ఎండు బావిలో నీళ్లు పోసిన హవల్దారు

లేవి హవల్దారు కూలీలను వరసలో నిలబెడుతూ, వాళ్ల ముఖాలు చూసుకుంటూ వెనక్కి వెనక్కి నడిచి, ఎనుముల కుడితితొట్టిలో కూర్చున్నాడు. తొట్టి నిండుగానే ఉంది. ఆయన అందులోంచే ఆ దినం పనులు పంచాడు. ఓబన్న బండ బొక్కల్లో పేలుడు మందు కూరాలి, నరసన్న మోకు పట్టాలి, సుంకమ్మ పేలుళ్లు లెక్కపెట్టాలి. ఆ తర్వాతే లేచాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వే పని ఎవరికీ ఒప్పజెప్పలేదు మరి.

అది యాభైరెండు కరువు. కోడుమూరు దగ్గరి పల్లెలో పెద్ద ఈరన్న చేలో బావి తవ్వించే మేస్త్రీ లేవి. యుద్ధంలో బర్మా కొండలు పేల్చి రోడ్డు వేసిన పటాలంలో హవల్దారుగా చేసి వచ్చాడు. యుద్ధం ఆయనకు ధైర్యం నేర్పిందని ఊరు అనుకునేది. నేర్పింది భయపడడం, అదీ పద్ధతిగా. ఒక పని ఒకరికి ఒప్పజెప్పాక ఆ పనిలో తన మాట కూడా చెల్లదనేవాడు అక్కడి కెప్టెన్. ఒకనాడు ఆ కట్టుబాటు తప్పారు. లెక్కపెట్టేవాణ్ణి అడక్కుండా, నలుగురూ "పేలిందిలే" అన్నారని ముందుకు పోయిన మనిషివి బూట్లు మాత్రమే దొరికాయి.

మూడు వత్తులు ముట్టించి ఓబన్న పైకొచ్చాడు. లేవికి బామ్మర్ది, లేవి భార్య రత్నమణికి ఒక్కగానొక్క తమ్ముడు. మొదటిది పేలింది. రెండోది పేలగానే మగవాళ్లంతా ఈలలు వేశారు. బండ పగిలితే ఈల వేయడం ఆ ఊరి అలవాటు. లేవి ఎంత తిట్టినా మానలేదు. పైగా ఆ దినం, చెప్పడానికి బాగుండదు గానీ, లేవి కూడా ఒకటి వేశాడు.

"మూడూ అయిపాయ," అంటూ ఓబన్న మోకు నడుముకు చుట్టుకున్నాడు.

"రెండే," అంది సుంకమ్మ.

"మూడోది మా ఈలల్లో కలిసిపాయలే అక్కా."

"కలిసిందో లేదో నాకు తెల్దు. నేనిన్నది రెండే."

లేవికీ మూడు పేలినట్టే ఉంది. కాదేమో. తన ఈలే తన చెవులు మూసింది. అప్పటికే ఓబన్న ఒక కాలు బావి అంచు దాటింది.

"దిగొద్దు." గొంతు కీచుమంది.

"ఏం బావా, భయమా?"

"అవును. శానా భయమైతాంది."

పటాలం మనిషి నోట ఆ మాట విన్నాక నరసన్న మోకు బిగించి పట్టాడు. ఓబన్న కాలు వెనక్కి తీసుకున్నాడు.

"తడిస్తే మందు చస్తాది. పీపా తేండి," అన్నాడు లేవి.

పీపాలో ఉన్నవి హంద్రీ ఏటి ఇసుకలో చెలమలు తోడి, బండి మీద తెచ్చిన తాగే నీళ్లు. అంచుకు పోవడానికి ఎవరికీ కాళ్లు రాలేదు. లేవే పోయాడు. కళ్లు మూసుకుని, అడుగు బండ మునిగేదాకా కడవ తర్వాత కడవ కుమ్మరించాడు. ఖాళీ బిందెలతో వచ్చిన ఆడవాళ్లు చూస్తూ నిలబడ్డారు.

తెల్లారినాక తనే దిగాడు. మోకు కిర్రుమన్నప్పుడల్లా ఊపిరి ఆగింది. అడుగున మోకాళ్ల మీద కూర్చుని, నీళ్లలో చేత్తో తడిమాడు. ఒక బొక్క చిట్లి ఉంది. రెండోదీ అంతే. మూడోది చెక్కుచెదరలేదు. నిండా ముద్దయిన మందు, సగం కాలి ఆరిపోయిన వత్తి. ఆ వత్తి పీకి పట్టుకుని ఆయన ఆ నీళ్లలోనే కూర్చున్నాడు.

పైకొచ్చి ఆ వత్తిని సుంకమ్మ చేతిలో పెట్టాడు. ఓబన్న దాన్ని చూసి, పోయి మట్టి కుప్ప మీద కూలబడ్డాడు.

పెద్ద ఈరన్న మాత్రం ఖాళీ పీపాలోకి తొంగి చూసి వచ్చాడు.

"నీళ్లు తీయమని పిలిస్తే, ఉండే నీళ్లు గూడా బావిలో పోస్తివి కదప్పా లేవీ."

"నీళ్లయితే హంద్రీలో మళ్లా తోడుకుందుం ఈరన్నా, ఓబన్న యాడ దొరుకుతాడప్పా?"