ఫెర్రీకంపు అనే మాట

మా తెలుగు టీచరుగారు పోయారని మొన్న ఉదయం మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో చూశాను. కబురు కింద వరసగా దణ్ణాల బొమ్మలు. అందులో ఒకటి సంఘం కార్యదర్శిది. చూడగానే ఒళ్లు మండింది.

ఈ దీవుల్లో మనవాళ్లు మాట్లాడే తెలుగుకు సంఘం తరఫున ఒక నిఘంటువు వేద్దామనుకున్నప్పుడు, రిటైరై డాలీగంజ్‌లో ఉంటున్న టీచరుగారినే సంపాదకురాలిగా పెట్టుకున్నాం. ఆవిడ పాత విద్యార్థినిగా నేను సాయం చేసేదాన్ని. ఆటోలో ఎవరైనా కొత్త మాట అంటే, దిగాల్సిన చోటు దాటిపోయినా వింటూ కూర్చునేవారు. హిందీ కలిసిన మాటనూ తోసిపుచ్చేవారు కాదు. "నలుగురి నోళ్లలో నలిగితే అది మన మాటే" అనేవారు.

ఒకరోజు కార్యదర్శి 'ఫెర్రీకంపు' తెచ్చాడు. సముద్రపు పాయకు అవతలి ఒడ్డునున్న బాంబూఫ్లాట్ నుంచి ఫెర్రీలో కాలేజీకి వచ్చే, చేపలు పట్టేవాళ్ల పిల్లల్ని వెక్కిరించడానికి ఇంటర్నెట్‌లో కొందరు పుట్టించిన మాట. "సరదా మాట అని రాద్దాం మేడమ్. పుస్తకం యూత్‌లోకి వెళ్తుంది" అన్నాడు.

ఫోన్ బయట ఎవరైనా అంటున్నారేమో చూడాలని టీచరుగారు నన్ను తీసుకుని బాంబూఫ్లాట్ వెళ్లారు. జెట్టీ దగ్గర తల్లితో కలిసి చేపలు తోముతున్న కాలేజీ అమ్మాయిని అడిగారు.

"నోటితో ఎవులూ అనరు టీచర్. నా ఫొటోల కింద రాత్తారు. అడిగితే మజాక్ అంతారు."

"అయితే తీసేస్తానమ్మా. అంత అరుదైనదానికి నిఘంటువులో చోటెందుకు?"

"తీసీకండి టీచర్. తిట్టు అని రాయండి. అచ్చులో ఉంతే రేపు మజాక్ అనలేరు కదా."

తిరుగు ఫెర్రీలోనే టీచరుగారు కాగితం, కలం తీశారు. తర్వాతి సమావేశంలో తను రాసిన అర్థం చదివారు: "తిట్టు. చేపలు పట్టే కుటుంబాల పిల్లల్ని అవమానించడానికి కొందరు ఇంటర్నెట్‌లో రాసేది."

కార్యదర్శి మొహం మాడిపోయింది. "అలాగైతే వద్దు మేడమ్. ఎవరూ వాడని మాట. ఊరికే బద్నామ్ అవుతాం."

"నవ్వుకోడానికైతే మాట, తిట్టని రాస్తే మాట కాదా? ఛీ!"

ఆవిడ నోట ఛీ అన్న మాట నేను వినడం అదే మొదలు. మిగతావాళ్లు తలలు దించుకుని టీ తాగారు. వాళ్లను తలుచుకుంటే నాకిప్పటికీ రోతే. పుస్తకం ఆ మాట లేకుండానే వచ్చింది. టీచరుగారి పేరు కూడా లేకుండా. తన పేరు తీసెయ్యమని ఆవిడే చెప్పారు.

పుస్తకం వచ్చిన వారమే మళ్లీ జెట్టీకి వెళ్లాం. "నావల్ల కాలేదమ్మా" అన్నారు టీచరుగారు, చెయ్యి పట్టుకోబోతూ. ఆ అమ్మాయి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"కంపు కొడతాది టీచర్."

టీచరుగారు వినిపించుకోలేదు. ఆ తడి చేతిని రెండు చేతులతో పట్టుకుని అక్కడే గట్టుమీద కూర్చున్నారు. చాలాసేపటికి వదిలారు. ఆవిడ అరచేతులకు అంటుకున్న పొలుసులు ఎండకు మెరుస్తున్నాయి.