మ్యాట్ నలుపు కింద తుప్పు

భీమవరం ఊరి చివర పౌడర్ కోటింగ్ షాపు పెట్టేనాటికి నాకా పని రాదు. ఇంజనీరింగ్ చదివానే గాని, బండి చాసిస్‌కి రంగు ఎలా పడుతుందో తెలియదు. నేర్పింది మా మేస్త్రిగారు. యాభై దాటిన మనిషి, చాలా ఏళ్లు చెన్నైలో ఇదే పని చేసి వచ్చారు.

పాత రంగు వలిచి, ఇసుకతో కొట్టి, మందు నీళ్లలో ముంచి, బాగా ఆరాకే పొడి చల్లాలనేవారు. ఆ పొడి ఓవెన్‌లో కరిగి ఇనుముని పట్టుకుంటుంది. మందులో ముంచకపోతే పైకి తేడా తెలియదు, లోపల తుప్పు మొదలవుతుంది. మా వైపు కుర్రకారుకి మెరుపులేని మ్యాట్ నలుపంటే మోజు. బండి అప్పజెప్పేటప్పుడు ఆయన ప్రతివాళ్లకీ ఒకే మాట చెప్పేవారు.

"మెరుస్తుందని మైనం రాయకండి, మచ్చలు పడిపోతాయి. కిరసనాయిలు గుడ్డ అసలొద్దు. రొయ్యల చెరువు మీంచి రాగానే మంచినీళ్లు పోసి, షాంపూతో మెత్తగా కడగండి. ఉప్పు నిలవుంటే ఏ కోటింగూ ఆగదండి."

ఒకసారి రొయ్యల చెరువులున్న ఓ పెద్దాయన తన మోటార్ సైకిల్ విప్పించి పంపారు. మర్నాటికల్లా కావాలన్నారు. మేస్త్రిగారు ఆ రోజు సెలవు, కూతురికి జ్వరం. నేనే చేశాను. మందు తొట్టి సిద్ధం చేసే ఓపిక లేక ముంచడం మానేశాను. ఓవెన్‌లోంచి తీశాక నల్లగా, నున్నగా ఎంత బాగుందో. నాకు గర్వం కూడా కలిగింది.

రెండు నెలలు తిరిగేసరికి ఆయనే స్వయంగా బండి తెచ్చారు. చాసిస్ నిండా చెమటకాయల్లాంటి పొక్కులు. వేలితో నొక్కితే పెచ్చులుగా ఊడుతోంది, కింద ఎర్రటి తుప్పు.

"ఎవరు చేశారండి ఇది?" అని అడిగారు, గొంతు పెంచకుండా.

మేస్త్రిగారు పక్కనే ఓవెన్‌లో చక్రాలు తగిలిస్తున్నారు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"మా మేస్త్రిగారేనండి."

మేస్త్రిగారు వెనక్కి తిరిగి నా వంక చూశారు.

"ఇలా రండి మేస్త్రిగారూ. కూర్చోండి. మీరు వేసింది మీరే తీసేయండి," అన్నారు పెద్దాయన. మేస్త్రిగారు గీకుడు బ్లేడు కోసం లేవబోతే ఆపారు. "అదెందుకండి, గోళ్లున్నాయిగా."

మేస్త్రిగారు ఎండలో గొంతుక్కూర్చుని గోళ్లతో పెచ్చులు లాగడం మొదలుపెట్టారు. పెద్దాయన కుర్చీ వేయించుకున్నారు. నేను టీ తెప్పించాను, మేస్త్రిగారికి కాదు. కాసేపటికి ఆయన బొటనవేలి గోరు చీలి, నల్లటి పెచ్చుల మీద నెత్తురు పడింది. "బండికి మరక చేయకండి," అన్నారు పెద్దాయన. ఆ మాటకి నేను నవ్వాను. ఆ నవ్వు ఎందుకు వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను, కానీ వచ్చింది.

పెద్దాయన వెళ్లాక అడిగాను, "సెలవులో ఉన్నానని ఎందుకు చెప్పలేదండీ?"

"మీరు చెప్తారేమోనని చూశానండి," అన్నారు, చెయ్యి కడుక్కుంటూ.

ఆ చూపు రోజూ ఎదురుగా ఉంటే భరించలేననిపించింది. రేపట్నుంచి రావద్దన్నాను. తీసేశానని పెద్దాయనకి ఫోన్ చేసి మరీ చెప్పాను. ఆయన సంతోషించి, స్నేహితుల బళ్లు కూడా నాకే పంపించారు.

మూడేళ్ల తర్వాత పని మీద రావులపాలెం వెళితే, కిటికీ ఊచలకి రంగు వేసే ఓ షెడ్డులో మేస్త్రిగారు కనిపించారు. లోపలికి వెళ్లి, తప్పు నాదేనని, క్షమించమని అన్నాను. ఎన్నాళ్లనుంచో మనసులో కూర్చుకున్న మాటలవి. ఆయన పొడి చల్లే గన్ ఆపి మొత్తం విన్నారు.

"ఈ మాట ఆ పెద్దాయనకి చెప్పారా?"

"లేదండి."

"మరి నాకెందుకు చెప్తున్నారు? నాకు ముందే తెలుసు కదండి."

మాస్కు పైకి లాక్కుని గన్ ఆన్ చేశారు. పొడి నా చొక్కా మీద పడుతున్నా ఆపలేదు. నేనే బయటికి వచ్చేశాను.

పెద్దాయన ఇప్పటికీ నా దగ్గరికే వస్తారు. కిందటి వారం కూడా వచ్చారు. ఆ మనిషిని పంపేశాక నా పని బాగుపడిందని, పక్కనున్న వాళ్లకి కూడా వినబడేలా మెచ్చుకున్నారు. "మీ దయ అండి," అన్నాను.