వట్టి మిషను చప్పుడు

మా పక్కింటి దర్జీ ఆవిడను వీధిలో అందరూ సూదక్క అనేవారు. చేతిలో సూదికీ నోట్లో మాటకీ ఒకటే పదును. తండ్రి వదిలిపోయిన రెండు గదులు, వెనక కాస్త ఖాళీ స్థలం. వాటి మీద ఆమెకూ తమ్ముడికీ తొమ్మిదేళ్లుగా దావా నడుస్తోంది.

"స్థలం ఎవరిదో కోర్టు తేలుస్తుంది. అంతదాకా ఇల్లు నీ స్వాధీనంలో ఉండాలి. ఖాళీగా మాత్రం వదలకు" అని లాయరు మొదటి రోజే చెప్పాడు. ఆ మాట ఆమెలో మేకులా దిగింది. కూతురి పురుటికి కూడా వెళ్లలేదు. చిన్న చిన్న గౌన్లు కుట్టి పంపింది.

వాయిదాకు వెళ్లక తప్పనప్పుడు నన్ను పిలిచి మిషను ముందు కూర్చోబెట్టేది.

"తొక్కుతూ ఉండు వదినా. గుడ్డ లేకపోయినా సరే, చప్పుడు వీధిలోకి వినపడాలి."

నేను ఒళ్లో పుస్తకం పెట్టుకుని గంటల తరబడి వట్టి మిషను తొక్కేదాన్ని.

ఆ ఎండాకాలం నాకు సాక్షిగా రమ్మని సమన్లు వచ్చాయి. పిలిపించింది తమ్ముడి తరఫువాళ్లు. ఆమె వాయిదా కూడా అదే రోజు.

"నాతో వాళ్లకేం పని?" అన్నాను.

"మావాడికి ఇన్నాళ్లకు నిజం వినాలనిపించిందేమో" అని నవ్వింది. "ఉన్నదున్నట్టు చెప్పు, చాలు."

నా బదులు ఇంకొకరిని కూర్చోబెట్టడానికి ఆమె ఎవరినీ నమ్మలేదు. తలుపుకు రెండు తాళాలు వేసి బయల్దేరింది.

కోర్టు వరండాలో తమ్ముడు నీళ్ల సీసా తెచ్చి ఇచ్చాడు. "ఎండన పడి వచ్చావు, తాగక్కా."

తొమ్మిదేళ్లలో అతను అక్కా అనడం అదే మొదలు.

"నీ నీళ్లు తాగితే మళ్లీ దాహమే వెయ్యదేమోరా."

అతనికి కోపం రాలేదు. "ఇంట్లో ఎవరున్నారు?" అన్నాడు.

"రెండు తాళాలున్నాయి."

అతను తలూపి వాచీ చూసుకున్నాడు.

మధ్యాహ్నం బంట్రోతు నా పేరు పిలిచాడు. నేను లేచేలోపే వాళ్ల లాయరు, "ఈ సాక్షి మాకు అక్కర్లేదండీ" అన్నాడు. జడ్జిగారు వాయిదా వేశారు. నన్ను ఎందుకు పిలిపించారో అప్పుడు అర్థమైంది. తిరిగి చూస్తే సూదక్క అప్పటికే మెట్లు దిగుతోంది.

ఆటో ఎక్కి ఇంటికి బయల్దేరాం. ఆమె పిడికిట్లో రెండు తాళంచెవులూ ఉన్నాయి.

తలుపుకు తాళాలు లేవు. లోపల గడియ వేసి ఉంది. ఆమె కొట్టబోయి ఆగింది.

లోపల మిషను నడుస్తోంది, తీరిగ్గా, ఒకే తీరున.

ఆమె తలుపుకు చెవి ఆనించి కాసేపు విన్నది.

"గుడ్డ లేదు వదినా" అంది.