వార్త రాని మనిషి

లుసైల్‌లో నేను డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. ఇంకా పూర్తికాని భవనాల కాగితాలు ఎక్కడున్నాయో చెప్పడం నా డ్యూటీ. ఆ భవనాలు ఎప్పుడు పూర్తవుతాయో చెప్పే ఉద్యోగం వేరేవాళ్ళది. వాళ్ళకు జీతం ఎక్కువ, నిద్ర తక్కువ. మా బాపమ్మకు, అంటే మా నాయన తల్లికి, ఎవరో నాది "కాయితాలు దొరకవట్టే కొలువు" అని చెప్పారు. అప్పట్నుంచి నాకు విశ్రాంతి లేదు.

"నువ్వుండేది దుబాయే గదరా?" అని అడిగింది ఒక శుక్రవారం వీడియో కాల్‌లో.

"ఖతర్, బాపమ్మా."

"అదే. మా నాయన మిల్ట్రీల బస్రాకు పోయిండు. అది గూడ అటే గదా. జర అడిగి సూడరాదు?"

ఇరాక్‌లోని బస్రాకూ ఇక్కడికీ మధ్య ఒక సముద్రం ఉంది. అయినా మా ఊరి నుంచి చూస్తే అంతా ఒకటే గల్లీ. రెండో ప్రపంచ యుద్ధంలో, ఆమె పాకే వయసులో ఉండగా, వాళ్ళ నాయన ఫౌజులో చేరి పోయాడు. తిరిగి రాలేదు. చనిపోయాడన్న వార్తా రాలేదు. చిక్కంతా అక్కడే. పెత్తరమాస నాడు మా వైపు పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పి అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తారు. బతికున్నవాడి పేరు అక్కడ పలకకూడదు. ఆయనకు ఈపాటికి నూరు దాటి చాలా కాలమైంది. కానీ వార్త రాలేదు గనక మా ఇంట్లో ఆయన ఇప్పటికీ ఆరోగ్యంగానే ఉన్నాడు. బాపమ్మ ఏటేటా ఆ పేరు దగ్గరికొచ్చి, ఆగి, దాటేసి, పక్క పేరుకు పోతుంది.

"నేను పోయేలోపల ఒక్కసారన్న మా నాయనకింత బువ్వ పెట్టాలెరా," అంది. "ఉన్నడా, పోయిండా, గదొక్కటి తెలుసుకో."

బాపమ్మ 'అవ్వ' అని పిలిచే ఆమె తల్లి కష్టం ఇంకో రకం. కడదాకా బొట్టు తుడవలేదు, గాజులు తీయలేదు. వార్త రానిదే ఎందుకు తీస్తుంది? ఊరు మాత్రం ఆమెను పేరంటానికి పిలవాలో వద్దో తేల్చుకోలేక, పిలవకపోవడమే క్షేమం అనుకుంది. "మొగడు లేని ముత్తైదువ" అనేవాళ్ళట, వినబడేట్టుగానే.

బాపమ్మకు అక్షరం ముక్క రాదు. తండ్రి ఫౌజు నంబరు మాత్రం వచ్చు, అదీ ఉర్దూలో. నిజాం కాలపు పోస్టాఫీసులో ఆ నంబరు చెబితేనే మనియార్డరు చేతికిచ్చేవారట. తల్లి దాన్ని కూతురికి పాటలా నేర్పింది. ఉనాసీ, సడ్‌సఠ్ లాంటివి వచ్చేసరికి నా డిగ్రీ చదువు పనికిరాలేదు. నా రూమ్మేటుది కోరుట్ల, ముస్లిం, కంపెనీ బస్సు డ్రైవరు; అతనే విని అంకెలు చెప్పాడు, నేను రాసుకున్నాను.

ఆ తర్వాతి పని నాకు బాగా తెలిసిన రకమే. సైన్యం రికార్డుల ఆఫీసుకు రాశాను. వారసులే అడగాలన్నారు. బాపమ్మ ఊళ్ళో వేలిముద్ర వేసింది. నేను ఆమె మనవడినేనని రుజువు కావాలన్నారు. ఇక్కడి మన ఎంబసీలో టోకెన్ తీసుకుని, ఏసీకి వణుకుతూ కూర్చుని, నేను నేనేనని స్టాంపు వేయించుకున్నాను. తర్వాత ఈ ఆఫీసు కాదు, ఇంకో ఆఫీసన్నారు. ఆ ఇంకో ఆఫీసు వేరే ఊరికి మారిందన్నారు. జనాన్ని ఇలా తిప్పడమే నా వృత్తి కాబట్టి కోపం తెచ్చుకునే హక్కు లేదు. అలసట మీద మాత్రం ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. పగలంతా ఇతరుల కాగితాలు వెతికి, అల్ అజీజియాలో గదికి చేరి, చెమట ఆరకముందే ముత్తాత కాగితాల కోసం మెయిల్ తెరిచేవాణ్ణి. ఎండాకాలం ఉక్కపోతతో సహా వచ్చి పోయింది. మానేద్దామనుకున్నప్పుడల్లా శుక్రవారం వచ్చేది. "దొరికిండా?" అని అడిగేది బాపమ్మ, ఆయనేదో అంగట్లో తప్పిపోయినట్టు.

చివరికి ఒక పేజీ వచ్చింది. యుద్ధం ముగిశాక విడుదల. ఆరోగ్యం బాగుంది. నడవడి చాలా మంచిది. బొంబాయి డిపోలో జీతం ముట్టింది, ఇంటికి రైలు టికెట్టు ఇచ్చారు. అంతే. రైలెక్కాడా లేదా అన్నది సైన్యానికి సంబంధించిన విషయం కాదు.

రూమ్మేటుకు చదివి వినిపించాను. అతను పిండి తడుపుతున్నాడు.

"అరె భాయ్," అన్నాడు, "అందరు కంపెనీ నుంచి కల్లివెల్లి అయితరు. మీ తాత ఇంటి నుంచి అయిండు."

యజమానికి చెప్పకుండా మాయమైనవాణ్ణి ఇక్కడ కల్లివెల్లి అంటారు. ఆ పేజీ మొత్తంలో అంత కచ్చితమైన మాట లేదు.

"బాపమ్మకేం చెప్పాలె?"

"లడాయిల పోయిండని చెప్పు. ముసలామె ఖుష్, తాత ఖుష్, నీకు సవాబ్, అదే మీ పుణ్యం. ఖలాస్."

"అబద్ధం గదా."

"ఆఫీసుల రోజు చెప్పేటివేంది మరి?"

సలహా మంచిదే. తూటా తగిలించాలా, జ్వరంతో సరిపెట్టాలా అని రెండు రోజులు ఆలోచించాను కూడా. కానీ అబద్ధానికి ఓపిక కావాలి, అది నా దగ్గర మిగల్లేదు. శుక్రవారం ఫోన్‌లో బాపమ్మ చెవి కనబడగానే ఉన్నదున్నట్టు చెప్పేశాను.

చెవి పోయి ముఖం వచ్చింది.

"లడాయి అయినంక గూడ బతికే ఉండెనా?"

"ఉండె."

"పాణం మంచిగుండెనా?"

"మంచిగుండె. నడవడి గూడ మంచిదని రాసిండ్రు."

"నడవడి," అంది బాపమ్మ. వెనకాల ఎవరో బిందె దించిన చప్పుడు. "అయితే మా అవ్వ బొట్టు పెట్టుకున్నది తప్పు గాదు," అంది.

"తప్పు గాదు."

"అవ్వను అన్నోళ్ళొక్కరు గూడ లేకపాయె. ఇప్పుడెవరికి చెప్పాలెరా?"

పనికొచ్చే మాటేదైనా అందామని, "ఇప్పటికైతే పోయే ఉంటడు గదా. పెత్తరమాసకు పేరు చెప్పరాదు," అన్నాను.

"పోయిండని కాయితంల ఉన్నదా?"

"లేదు."

"లేదు గదా. మరి ఎట్ల చెప్త?" గొంతు గట్టిపడింది. "మా అవ్వను అటూ ఇటూ గాకుంట నిలవెట్టి పోయిండు. బువ్వ గావాల్నంటే ఆయన్నే వచ్చి అడుగుమను."

తర్వాత ఫోన్ ఎక్కడో వెల్లకిలా పెట్టేసినట్టుంది. తెర మీద మా ఇంటి దూలాలు, పాత ఫ్యాను. ఆమె కనబడలేదు, ఏడుపు వినబడుతోంది. రూమ్మేటు పొయ్యి కట్టేసి, తలుపు దగ్గరగా వేసి బయటికి పోయాడు. నేను కాల్ కట్ చేయకుండా అలాగే కూర్చున్నాను.