ధర్మవరం స్టేషన్‌లో ఒంటిచెవి పిల్లి

కోళ్లకు రోగమొచ్చిందని ఊరూరా భయపడుతున్న రోజులవి. ధర్మవరం స్టేషన్‌లో హిందూపురం ప్యాసింజరు కోసం కూర్చున్నాను. పక్కన ఒక పెద్దామె డబ్బా మూత తీసి, ఉడికించిన కోడి తోలు ముక్కలు కాగితం మీద వేసింది. ఒంటిచెవి పిల్లి ఒకటి వాటిని వదిలేసి ఆమె కాళ్ల దగ్గరికి వచ్చింది. ఆమె చప్పున కాళ్లు బెంచీ మీదికి లాక్కుంది.

"కరుస్తుందా?" అన్నాను.

"లేదప్పా. నేను చికెన్ అంగట్లో కోళ్లు శుభ్రం చేస్తాండా. ఆ రోగం పిల్లులకూ వస్తాదంట. అందుకే పచ్చివి మానేసి ఉడకబెట్టి తెస్తాండా. ఈ చేతుల్తో దాన్ని ముట్టుకునేది కూడా లేదు."

పిల్లి కిందనే నిలబడి అరుస్తోంది. ఆమె కాసేపు ఓర్చుకుంది.

"నువ్వు కోడిని ముట్టలేదు కదా? నా బదులు ఒక్కసారి నిమురప్పా."

పిల్లులంటే నాకు గిట్టదు. అయినా నిమిరాను. అది నా చేతికింద ఒదిగి, ఆమెనే చూస్తూ కూర్చుంది.